పచ్చసొన చేసిన పాపమేమిటి?



మా పుత్తూరు పేరు చెప్పగానే చాలామందికి గుర్తుకు వచ్చేది ఎముకల కట్టు. చెయ్యి విరిగినా, కాలు విరిగినా ఎక్కడెక్కడి నుంచో జనం పుత్తూరు దగ్గరున్న రాచపాళేనికి వస్తారు. అక్కడ ఎముకను సరిచేసి, ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన పూసి, చుట్టూ వెదురుబద్దలు పేర్చి, గుడ్డతో బిగించి కడతారు. ఆ వైద్యం మంచిచెడ్డలు ఇక్కడ మన విషయం కాదు. మనం గమనించవలసింది ఒక్కటే. కట్టుకు కావలసింది తెల్లసొన. పచ్చసొనతో అక్కడ పని లేదు.

పచ్చసొనతో పని లేదనే మాట ఈ మధ్య మరొక చోట కూడా వినిపిస్తున్నది. అది మీరు మధ్యాహ్నం కూర్చునే బడి భోజనాల పంక్తి. మన రాష్ట్రంలో 2003 నుంచి బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండి పెడుతున్నారు. ఆ తరువాత వారానికి 5 కోడిగ్రుడ్లు పెట్టే ఏర్పాటు వచ్చింది. ఉడికిన గ్రుడ్డును రెండుగా విరిచి, తెల్లసొన మాత్రం తిని, పచ్చసొనను పళ్లెం అంచున వదిలేసేవాళ్లు ప్రతి పంక్తిలోనూ ఒకరిద్దరు కనబడతారు. కొందరికి దాని రుచి నచ్చదు. అది వేరే సంగతి. కాని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చెప్పిన కారణం వినండి.

"మా తాతకు గుండెపోటు వచ్చింది సార్. డాక్టరుగారు పచ్చసొన తినవద్దన్నారు. అందులో కొలెస్టరాల్ ఉందంట. అప్పటి నుంచి మా ఇంట్లో అందరం మానేసినాం."

తాత మీది ప్రేమతో, భయంతో అన్న మాట అది. నవ్వి కొట్టిపారేయవలసింది కాదు. అయితే తాతకు చెప్పిన పత్యం మనుమరాలికి కూడా వర్తిస్తుందా? గ్రుడ్డులో ఉన్న కొలెస్టరాల్ తిన్నంతా నేరుగా పోయి రక్తంలో కలుస్తుందా? పచ్చసొన నిజంగా గుండెకు శత్రువేనా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి శాస్త్రజ్ఞులకు నూరేళ్లకు పైగా పట్టింది. ఆ కథ తెలుసుకుందాం.

గ్రుడ్డులో ఏముంది?

ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. ఉడికిన గ్రుడ్డులోని తెల్లసొన ముక్కను ఒక తెల్ల కాగితం మీద, పచ్చసొన ముక్కను మరొక కాగితం మీద రుద్దండి. రెండు కాగితాలనూ ఆరనిచ్చి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. తెల్లసొన చేసిన తడి మరక ఆరిపోతుంది. పచ్చసొన రుద్దిన చోట మాత్రం నూనె మరక నిలిచిపోయి, దానిగుండా వెలుతురు మసకగా కనిపిస్తుంది. క్రొవ్వు పదార్థం ఎందులో ఉన్నదో కాగితమే చెప్పింది.

పెంకు తీసిన గ్రుడ్డు సుమారు 50 గ్రాములు తూగుతుంది. అందులో మూడింట రెండు వంతులు తెల్లసొన, ఒక వంతు పచ్చసొన. తెల్లసొనలో ఎక్కువ భాగం నీరే. మిగిలినది దాదాపు అంతా మాంసకృత్తులు. క్రొవ్వు లేదనే చెప్పవచ్చు. కొలెస్టరాల్ అసలు లేదు. గ్రుడ్డులోని 5 గ్రాముల క్రొవ్వు, సుమారు 200 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ మొత్తం పచ్చసొనలోనే ఉన్నాయి.

అయితే పచ్చసొనలో ఉన్నది అంతేనా? కాదు. గ్రుడ్డులో ఉండే 6 గ్రాముల మాంసకృత్తులలో దాదాపు సగం పచ్చసొనలోనే ఉన్నాయి. చూపుకు అవసరమైన ఎ విటమిన్, ఎముకలకు అవసరమైన డి విటమిన్, రక్తానికీ నరాలకూ అవసరమైన బి12 విటమిన్, మెదడు ఎదుగుదలకు తోడ్పడే కోలిన్ అనే పదార్థం కూడా ముఖ్యంగా అందులోనే ఉన్నాయి. పచ్చసొన పారేసేవారు వీటన్నిటినీ పారేస్తున్నారన్నమాట.

ఇంతకూ పచ్చసొనలో కొలెస్టరాల్ ఎందుకున్నది? కోడి మనకోసం గ్రుడ్డు పెట్టదు. తన పిల్లకోసం పెడుతుంది. పొదిగిన 21 రోజులలో ఆ పిల్లకు కళ్లు, రెక్కలు, మెదడు, గుండె ఏర్పడాలి. బయటి నుంచి ఆహారం అందే దారి లేదు. కావలసిన సరుకంతా తల్లి ముందే మూట కట్టి ఇవ్వాలి. ఆ మూటలో కొలెస్టరాల్ ఉన్నదంటే, ప్రాణి శరీరం తయారు కావడానికి అది తప్పనిసరి అని అర్థం.

విషం కాదు, ముడిసరుకు

కొలెస్టరాల్ పేరు వినగానే అదేదో విషమని చాలామంది అనుకుంటారు. నిజానికి మన శరీరంలోని ప్రతి కణం చుట్టూ ఉండే సన్నని పొరలో అది ఉంటుంది. అది లేకపోతే ఆ పొర సరిగా నిలవదు. శరీరంలో ఉండే మొత్తం కొలెస్టరాల్‌లో దాదాపు నాలుగో వంతు మెదడులోనే ఉన్నది. మీరు ఎండలో ఆడుకొనేటప్పుడు మీ చర్మంలో డి విటమిన్ తయారవుతుంది గదా! అది తయారయ్యేది కొలెస్టరాల్‌కు దగ్గరి చుట్టమైన ఒక పదార్థం నుంచే. తిన్న క్రొవ్వును జీర్ణం చేసే పైత్యరసంలోని ఆమ్లాలకు, కొన్ని హార్మోన్లకు కూడా ముడిసరుకు ఇదే.

ఇంత అవసరమైన వస్తువును శరీరం మన తిండికే వదిలిపెట్టలేదు. తానే తయారు చేసుకుంటుంది. కాలేయం, ఇతర కణాలు కలిసి రోజుకు సుమారు 1 గ్రాము, అనగా 1000 మిల్లీగ్రాముల కొలెస్టరాల్‌ను తయారుచేస్తాయి. ఒక్క గ్రుడ్డు గాని, మాంసం ముక్క గాని ముట్టనివారి శరీరంలో కూడా ఇది జరుగుతూనే ఉంటుంది. ఈ తయారీ మెట్లను వివరించినందుకే కోన్రాడ్ బ్లాక్, ఫియోడర్ లైనెన్ అనే శాస్త్రజ్ఞులకు 1964లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ ఒక చిన్న చమత్కారం చెప్పాలి. అంగడిలో వేరుశనగ నూనె, అదే మన వైపు చెనిక్కాయల నూనె, కొనేటప్పుడు కొన్ని ప్యాకెట్ల మీద 'కొలెస్టరాల్ లేనిది' అని పెద్ద అక్షరాలతో వేసి ఉంటుంది. కొలెస్టరాల్ జంతువుల శరీరంలో తయారయ్యే వస్తువు. మొక్కల నూనెలలో అది ఎలాగూ లేనట్టే. 'మా కొబ్బరికాయలో ఎముకలు లేవు' అన్నట్టుంది ఆ ప్రకటన!

రక్తంలో గూడ్సు బండ్లు

కొలెస్టరాల్ క్రొవ్వు జాతిది. నీళ్లలో నూనె కలవనట్టే అది రక్తంలో కరగదు. మరి కాలేయం నుంచి కణాలకు ఎలా చేరుతుంది? పుత్తూరు స్టేషన్లో నిలబడితే రేణిగుంట, అరక్కోణాల నడుమ తిరిగే గూడ్సు బండ్లు చూస్తాము. సరుకు తనంతట తాను పట్టాల మీద దొర్లదు. దానికి పెట్టె కావాలి. అలాగే కొలెస్టరాల్‌కు కూడా మాంసకృత్తులతో కట్టిన సూక్ష్మమైన పెట్టెలు ఉన్నాయి.

వీటిలో రెండు రకాలు ముఖ్యమైనవి. ఎల్.డి.ఎల్. అనే పెట్టెలు కొలెస్టరాల్‌ను కణాలకు మోసుకుపోతాయి. హెచ్.డి.ఎల్. అనే పెట్టెలు కణాల దగ్గర మిగిలిపోయిన దానిని ఎత్తుకొని కాలేయానికి తిరిగి తెస్తాయి. పని ముగిసిన ఎల్.డి.ఎల్. పెట్టెలను దింపుకోవడానికి కాలేయ కణాల మీద ప్రత్యేకమైన గ్రాహకాలు ఉంటాయి. అవి రైలు నిలిచే ప్లాట్‌ఫారాల వంటివి. ప్లాట్‌ఫారాలు తగినన్ని ఉంటే బండ్లు వెంటవెంటనే ఖాళీ అవుతాయి. తగ్గిపోతే బండ్లు దారిలోనే నిలిచిపోతాయి.

దారి అంటే మన రక్తనాళాలే. దింపుకొనే చోటు లేక ఎల్.డి.ఎల్. రక్తంలో ఎక్కువ కాలం తిరుగుతూ ఉంటే, అది ధమనుల లోపలి గోడలలోకి చొచ్చుకుపోతుంది. అక్కడ ఏళ్ల తరబడి పేరుకొని గడ్డ కడుతుంది. గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులలో ఇలా జరిగి, ఒకనాడు ఆ గడ్డ పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టితే దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు. కాబట్టి రక్తంలో ఎల్.డి.ఎల్. పెరగడం మంచిది కాదన్న మాట నిజమే. అందులో అనుమానం లేదు. అనుమానమల్లా, గ్రుడ్డు తింటే అది ఎంత పెరుగుతుందన్నదే.

కుందేలు చెప్పిన సాక్ష్యం

1913లో రష్యా దేశంలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో నికొలాయ్ అనిచ్కోవ్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించాడు. ఆయన శుద్ధమైన కొలెస్టరాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్లకు పెట్టాడు. కొన్ని వారాలలో వాటి రక్తంలో కొలెస్టరాల్ విపరీతంగా పెరిగింది. ధమనుల గోడలలో క్రొవ్వు పేరుకున్నది. ధమనుల జబ్బుకూ కొలెస్టరాల్‌కూ సంబంధం ఉన్నదని చూపిన గొప్ప ప్రయోగమిది.

కాని ఒక చిక్కు ఉన్నది. కుందేలు ఏం తింటుంది? గడ్డి, ఆకులు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కొలెస్టరాల్ మొగం చూడని జంతువు అది. దాన్ని వదిలించుకొనే నేర్పు దాని శరీరానికి తక్కువ. ఇదే తిండి ఎలుకలకు, కుక్కలకు పెట్టి చూస్తే, వాటి ధమనులు అంత సులభంగా పాడుకాలేదు. ఆ జంతువులు ఎక్కువైన కొలెస్టరాల్‌ను పైత్యరసంగా మార్చి బయటికి పంపేయగలవు.

మరి మనిషి కుందేలు వంటివాడా, కుక్క వంటివాడా?

అమెరికాలోని ఫ్రామింగ్‌హాం అనే ఊళ్లో 1948లో 5,209 మందిని ఎన్నుకొని, వారి ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించసాగారు. రక్తంలో కొలెస్టరాల్, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికి, పొగ త్రాగేవారికి గుండె జబ్బులు ఎక్కువగా వస్తున్నాయని అక్కడ తేలింది. గమనించండి. ఇది రక్తంలోని కొలెస్టరాల్ సంగతి. పళ్లెంలోని కొలెస్టరాల్ సంగతి కాదు. అయితే రెంటి పేరు ఒకటే కావడంతో, రెండూ ఒకటేనని అనుకోవడం తేలిక. 1968లో అమెరికా హృదయ సంఘం రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కొలెస్టరాల్ తినరాదని, వారానికి 3 పచ్చసొనలకు మించరాదని సలహా ఇచ్చింది. ఆ సలహా ప్రపంచమంతా పాకింది. పచ్చసొన మీద అపవాదు అప్పుడు బలపడింది.

రోజుకు 25 గ్రుడ్లు తిన్న ముసలాయన

1991లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ఫ్రెడ్ కెర్న్ అనే డాక్టరు ఒక విచిత్రమైన విషయం ప్రకటించాడు. 88 ఏళ్ల వృద్ధుడొకాయన కనీసం 15 ఏళ్లుగా రోజుకు 25 కోడిగ్రుడ్లు తింటున్నాడు! అనగా రోజుకు దాదాపు 5000 మిల్లీగ్రాముల కొలెస్టరాల్. అయినా ఆయన రక్తంలో కొలెస్టరాల్ మామూలుగానే ఉన్నది. ఇదెలా సాధ్యం?

పరీక్షించి చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ఆయన ప్రేగులు తిన్న కొలెస్టరాల్‌లో కొద్ది భాగాన్నే లోపలికి పీల్చుకుంటున్నాయి. రెండు, ఆయన కాలేయం ఎక్కువైన కొలెస్టరాల్‌ను మామూలుకంటే రెట్టింపు వేగంతో పైత్యరసపు ఆమ్లాలుగా మారుస్తున్నది.

మిద్దె మీద నీళ్లతొట్టిని చూశారు గదా! అందులో నీటి మీద తేలే బుర్ర ఒకటి ఉంటుంది. నీళ్లు నిండగానే అది పైకి లేచి కొళాయిని మూసేస్తుంది. వాన కురిసి తొట్టిలో నీళ్లు చేరితే కొళాయి నుంచి వచ్చే నీరు ఆ మేరకు తగ్గుతుంది. మన శరీరంలో కూడా అటువంటి ఏర్పాటు ఉన్నది. తిండి ద్వారా కొలెస్టరాల్ ఎక్కువగా వస్తే కాలేయం తన తయారీని తగ్గిస్తుంది. ఎక్కువైనదాన్ని వెళ్లగొట్టే పని పెంచుతుంది. ఆ ముసలాయనలో ఈ ఏర్పాటు చాలా చురుకుగా పనిచేసింది.

అయితే ఇది చదివి రేపటి నుంచి 25 గ్రుడ్లు తినడం మొదలుపెట్టకండి! కుందేలు మనిషికి సాక్షి కానట్టే, ఒక్క ముసలాయన మనుషులందరికీ సాక్షి కాడు. తొట్టిలోని బుర్ర అందరి ఇళ్లలోనూ ఒకే తీరుగా పనిచేయదు గదా! కొందరిలో అది మందకొడిగా ఉంటుంది. వారు గ్రుడ్లు ఎక్కువ తింటే రక్తంలో కొలెస్టరాల్ కూడా కాస్త ఎక్కువే పెరుగుతుంది.

మరి సగటు మనిషి సంగతేమిటి? 2001లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు అంతకుముందు జరిగిన 17 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కవేశారు. తిండిలో రోజుకు 100 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ పెరిగితే, 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 2 మిల్లీగ్రాములు పెరుగుతుందని తేల్చారు. ఇప్పుడు మీరే లెక్క చేయండి. ఒక గ్రుడ్డులో 200 మిల్లీగ్రాములు. కనుక రోజుకొక గ్రుడ్డు కొత్తగా తినడం మొదలుపెట్టినవారి రక్తంలో సుమారు 4 మిల్లీగ్రాములు పెరగవచ్చు. పరీక్షలో 160 ఉన్నవారికి 164 అవుతుంది. సాధారణంగా 200 లోపు ఉంటే ఫరవాలేదంటారు. పెరుగుదల సున్నా కాదు. కాని భయపడినంతా లేదు.

వేలమంది లెక్కలు

రక్తంలో అంకె ఎంత మారుతుందో చూశాం. కాని మనకు కావలసిన అసలు జవాబు, గ్రుడ్డు తినేవారికి గుండె జబ్బు ఎక్కువగా వస్తున్నదా అని. దానికి ఎక్కువమందిని, ఎక్కువ ఏళ్లు గమనించాలి.

1999లో అమెరికాలో సుమారు 1,18,000 మందిని గమనించిన ఫలితాలు వెలువడ్డాయి. ఆరోగ్యవంతులు రోజుకు ఒక గ్రుడ్డు వరకు తిన్నా గుండె జబ్బు పెరిగినట్టు కనబడలేదు. కాని చక్కెర జబ్బు ఉన్నవారిలో మాత్రం గ్రుడ్లు ఎక్కువగా తిన్నవారికి ముప్పు కొంత ఎక్కువగా కనిపించింది. 2015లో అమెరికా ప్రభుత్వపు ఆహార సలహాలలో 300 మిల్లీగ్రాముల హద్దును తీసివేశారు. ఇక కథ ముగిసిందనుకుంటుండగా, 2019లో 29,615 మందిని గమనించిన మరొక పరిశోధన, గ్రుడ్లు ఎక్కువ తిన్నకొద్దీ గుండె జబ్బులూ కొంత పెరిగాయని చెప్పింది. 2020లో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు మళ్లీ రోజుకు ఒక గ్రుడ్డు వరకు ముప్పు కనబడలేదన్నారు.

ఇదేమిటి, శాస్త్రజ్ఞులే ఒక మాట మీద లేరే అనిపిస్తున్నదా? కారణం ఆలోచించండి. అమెరికాలో చాలామంది గ్రుడ్డును ఒంటరిగా తినరు. పక్కన క్రొవ్వు నిండిన పందిమాంసం, వెన్న పూసిన రొట్టె ఉంటాయి. మన ఊళ్లో సాయంత్రం బండి దగ్గర చూడండి. కోడిగ్రుడ్డు బజ్జీ నూనెలో మునిగి తేలుతుంది. ఎగ్ దోశ పెనం మీద నూనె పొంగుతుంది. పక్కనే పరోటా. ఇటువంటి తిండి తిన్నవాడికి ముప్పై ఏళ్ల తరువాత గుండె జబ్బు వస్తే, తప్పు గ్రుడ్డుదా, దానితో వచ్చిన నూనెదా, ఆ మనిషి కాల్చిన బీడీలదా? వేలమందిని గమనించి లెక్క వేసేటప్పుడు వీటిని విడదీయడం చాలా కష్టం.

నూనె సీసా చెప్పే రహస్యం

పుష్య మాసపు చలిలో ఉదయాన్నే ఇంట్లో కొబ్బరినూనె సీసాను చూడండి. తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. పక్కనున్న చెనిక్కాయల నూనె మాత్రం జారుతూనే ఉంటుంది. ఎందుకు? కొబ్బరినూనెలో సంతృప్త క్రొవ్వు చాలా ఎక్కువ. నెయ్యి, వెన్న, పామాయిలు, వనస్పతి, క్రొవ్వు మాంసంలో కూడా ఇది హెచ్చుగా ఉంటుంది.

ఈ సంతృప్త క్రొవ్వుకు, మనం చెప్పుకున్న ప్లాట్‌ఫారాలకు సంబంధం ఉన్నది. సంతృప్త క్రొవ్వు ఎక్కువగా తింటే కాలేయం మీది ఎల్.డి.ఎల్. గ్రాహకాలు తగ్గుతాయి. బండ్లు ఖాళీ కావు. రక్తంలో ఎల్.డి.ఎల్. పెరుగుతుంది. వనస్పతి వంటి వాటిలో ఉండే ట్రాన్స్ క్రొవ్వులు ఇంకా చెడ్డవి. అందుకే మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, వనస్పతులలో వీటిని నూటికి 2 పాళ్లకు మించనీయరాదని నియమం పెట్టారు.

ఇప్పుడు పోల్చి చూడండి. ఒక గ్రుడ్డులో ఉండే సంతృప్త క్రొవ్వు సుమారు ఒకటిన్నర గ్రాములు. ఒక పెద్ద చెంచా నేతిలో 8 గ్రాములకు పైగా ఉంటుంది. పచ్చసొన పారేసి, వేడి అన్నంలో రెండు చెంచాల నెయ్యి పోసుకొనేవారు గుండెకు మేలు చేస్తున్నామనుకోవడం ఎంత పొరపాటో చూశారా!

ఈ రెంటినీ విడదీసి చూడాలని 2025లో దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ప్రకటించారు. 61 మందిని తీసుకొని, రకానికి అయిదు వారాల చొప్పున మూడు రకాల భోజనాలు నిర్ణయించారు. ఒక భోజనంలో రోజుకు 2 గ్రుడ్లు, కాని సంతృప్త క్రొవ్వు తక్కువ. మరొక దానిలో గ్రుడ్లు లేవు, సంతృప్త క్రొవ్వు ఎక్కువ. మూడవది సంతృప్త క్రొవ్వు, కొలెస్టరాల్ రెండూ ఎక్కువగా ఉండి, వారానికి ఒక్క గ్రుడ్డే ఉన్న భోజనం. రోజుకు 2 గ్రుడ్లు తిన్న కాలంలో వారి ఎల్.డి.ఎల్. మూడవ రకం భోజనం తిన్న కాలంలో కంటే తక్కువగా ఉన్నది. ఎల్.డి.ఎల్. పెరుగుదల సంతృప్త క్రొవ్వును అనుసరించింది గాని, గ్రుడ్డును అనుసరించలేదు. ఇది కొద్ది వారాల ప్రయోగమని, కొలిచినది రక్తంలోని అంకెలనే గాని గుండెపోట్లను కాదని మాత్రం మరువకూడదు. అయినా చిక్కుముడిలో ఒక పోగు విడిపోయింది.

జాగ్రత్త పడవలసిన వారు

అలాగని డాక్టరుగారు తాతకు చెప్పిన మాట తప్పు అనకండి. కొందరికి జాగ్రత్త అవసరమే.

1968లో అమెరికాలో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్ అనే ఇద్దరు యువ డాక్టర్ల ముందుకు ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చారు. ఒక పాపకు 6 ఏళ్లు, ఒక పాపకు 8 ఏళ్లు. ఆ వయసులోనే గుండె జబ్బు! వారి రక్తంలో కొలెస్టరాల్ 1000కి దగ్గరగా ఉన్నది. ఇంత చిన్న పిల్లలు ఎన్ని గ్రుడ్లు తిని ఉంటారు? లోపం తిండిలో లేదు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులలో ఉన్నది. ఈ జబ్బు ఉన్నవారి కణాల మీద ఎల్.డి.ఎల్.ను దింపుకొనే గ్రాహకాలు సరిగా ఉండవని ఆ ఇద్దరు డాక్టర్లు ఆ తరువాత కనిపెట్టారు. మనం ఇంతసేపూ చెప్పుకున్న ప్లాట్‌ఫారాల సంగతి లోకానికి తెలిసింది ఆ పిల్లల వల్లనే. 1985లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. జపాన్ శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో బూజు నుంచి కనిపెట్టిన స్టాటిన్ మందులు ఈనాడు కోట్లమందికి ఎల్.డి.ఎల్. తగ్గిస్తున్నాయి. తాత వేసుకొనే మాత్రలలో బహుశా అటువంటిది ఒకటి ఉంటుంది.

చక్కెర జబ్బు ఉన్నవారు, ఒకసారి గుండెపోటు వచ్చినవారు, పుట్టుకతోనే కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్న కుటుంబాలవారు ఎన్ని గ్రుడ్లు తినాలో డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి. మీ ఇంట్లో నలభై, యాభై ఏళ్లకే గుండెపోటు వచ్చినవారు ఉంటే, ఊరకే పచ్చసొన మానేసి ఊరుకోవడం కాదు. రక్తపరీక్ష చేయించుకొనే సంగతి పెద్దలతో మాట్లాడండి.

ఇది మనవాళ్లకు మరీ ముఖ్యం. 52 దేశాలలో జరిగి 2004లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, భారతదేశం, దాని చుట్టుపక్కల దేశాలవారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తున్నదని, ఇతర దేశాలవారికంటే దాదాపు ఆరేళ్లు ముందే వస్తున్నదని తేలింది. పొగాకు, రక్తపోటు, చక్కెర జబ్బు, బానపొట్ట, రక్తంలోని క్రొవ్వుల తేడాలు, కాయగూరలు పండ్లు తినకపోవడం, ఒళ్లు వంచకపోవడం, మనసుకు నెమ్మది లేకపోవడం వంటివి ముఖ్య కారణాలుగా కనబడ్డాయి. ఆ జాబితాలో కోడిగ్రుడ్డు పేరు లేదు.

అమ్మేవాడి మాట, భయపడేవాడి మాట

మన రాష్ట్రానికీ గ్రుడ్డుకూ అనుబంధం ఎక్కువ. 2022-23 లెక్కల ప్రకారం దేశంలో ఉత్పత్తి అయ్యే గ్రుడ్లలో దాదాపు అయిదో వంతు ఆంధ్రప్రదేశ్‌వే. దేశంలో మొదటి స్థానం మనదే. తెలుగువారైన బి.వి. రావుగారు 1971లో పుణేలో పెద్ద కోళ్ల పరిశ్రమను నెలకొల్పారు. ఆయన చొరవతో 1982లో ఏర్పడిన జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘం, ఆదివారమైనా సోమవారమైనా రోజూ గ్రుడ్డు తినండి అని దేశమంతా చాటింది. గ్రుడ్లు అమ్మేవారు తినమనడం సహజం. జబ్బుకు భయపడేవారు వద్దనడమూ సహజం. కాని ప్రకటన శాస్త్రం కాదు. భయమూ శాస్త్రం కాదు. ఎవరు చెప్పారు అనే దానికంటే, ఎంతమందిని, ఎంతకాలం, ఏ విధంగా పరీక్షించి చెప్పారు అని అడగడం నేర్చుకోండి. కుందేలు కథ, ముసలాయన కథ మీకు చెప్పింది అందుకే.

మీ పళ్లెంలోని గ్రుడ్డు

ఇప్పుడు మన తొమ్మిదో తరగతి అమ్మాయికి ఏమని జవాబు చెబుదాం?

"అమ్మా, తాతది జబ్బు చేసిన గుండె. ఆయన పత్యం ఆయనకు. నీది ఎదిగే శరీరం. నీకు చక్కెర జబ్బు గాని, పుట్టుకతో వచ్చిన కొలెస్టరాల్ జబ్బు గాని, గ్రుడ్డు పడని గుణం గాని లేకపోతే, రోజుకొక గ్రుడ్డు పచ్చసొనతో సహా తినవచ్చు. అందులోని విటమినులు నీకు కావాలి. తాత మీద ప్రేమ ఉంటే ఇంట్లో నూనె, నెయ్యి, ఉప్పు తగ్గించమని చెప్పు. ఇంట్లో బీడీ, సిగరెట్టు ఉంటే మాన్పించు. తాతను సాయంత్రం చెయ్యి పట్టుకొని నడిపించు."

గ్రుడ్డును ఉడికించి తినడం అన్నిటికంటే మేలు. పచ్చిది తాగరాదు. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవుల వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. బజ్జీలు, వేపుళ్లు ఎప్పుడో ఒకసారి చాలు. రాగిసంగటి, ఆకుకూర పప్పు, పక్కన ఒక ఉడికిన గ్రుడ్డు ఉంటే అంతకు మించిన భోజనం ఏముంటుంది? పప్పులలో, కాయగూరలలో ఉండే పీచు ప్రేగులలోని పైత్యరసపు ఆమ్లాలను కొంత బయటికి తీసుకుపోతుంది. కాలేయం మళ్లీ వాటిని తయారుచేయడానికి రక్తంలోని కొలెస్టరాల్‌నే వాడుకుంటుంది. గ్రుడ్డు తెచ్చిన కొలెస్టరాల్‌ను పక్కనున్న పప్పు, కూర వెళ్లగొడుతున్నాయన్నమాట!

గ్రుడ్డు తినే అలవాటు లేనివారు బెంగపడనక్కరలేదు. పప్పులు, పాలు, పెరుగు, చెనిక్కాయలు, ఆకుకూరలు తగినంత తింటే మాంసకృత్తులకు లోటుండదు.

ఈ వారం మీరొక పని చేయండి. మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్ల నూనె, ఎంత నెయ్యి వాడుతున్నారో అమ్మనడిగి వ్రాసుకోండి. ఇంట్లోని మనుషుల సంఖ్యతో, ఆ నెల రోజులతో భాగించండి. ఒక్కొక్కరికి రోజుకు ఎంత వచ్చిందో చూడండి. దాని పక్కన ఒక గ్రుడ్డులోని 5 గ్రాముల క్రొవ్వును వ్రాయండి. ఆ రెండు అంకెలనూ ఇంట్లో పెద్దలకు చూపించి, ముందుగా తగ్గించవలసింది ఏదో వారితో కలిసి నిర్ణయించండి.